5×8 ఆఫ్‌రోడ్ క్యాంపింగ్ ట్రెయిలర్ గరాజ్‌లోనే కట్టాలి: ఫ్రేమ్, యాక్సిల్, వైరింగ్ లెక్కలు చూసి పెట్టండి

గోదారిగట్టు (డాలస్)

అందరికీ నమస్తే. స్టీల్ ఇంకా కొనలేదు. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పేయండి.

లాగే బండి టయోటా టకోమా పికప్, టైర్లు 265/70ఆర్16. బాడీ 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. లోపల ఇద్దరికి పడక, వెనక తలుపు పైకెత్తితే వంటిల్లు, పైన టెంట్. ఫ్రేమంతా 2×2 అంగుళాల చదరపు ట్యూబ్, గోడ మందం 1/8. టంగ్ (బండి వైపు ముందుకి చాచిన కడ్డీ) కూడా అదే ట్యూబ్ ఒక్కటి, బాడీ ముందు నుంచి కప్లర్ (హిచ్ బంతి మీద కూర్చునే మూతి) దాకా 48 అంగుళాలు. 3,500 పౌండ్ల లీఫ్ స్ప్రింగ్ యాక్సిల్ బాడీకి సరిగ్గా నడిమధ్యన. 20 గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు వెనక వంటింటి కింద, పైపు పొడుగు కలిసొస్తుందని. బిగ్ బెండ్‌లో ఓల్డ్ ఓర్ రోడ్ లాంటి బాటల మీద లాగాలి, అంటే 26 మైళ్ళ రాళ్ళూ గుంతలూ.

వెల్డురాజు (హ్యూస్టన్)

స్టీల్ కొనకపోవడమే మంచిదైంది తమ్ముడూ. టంగ్, యాక్సిల్ చోటు, ట్యాంకు చోటు మూడూ మార్చాలి. నేను టంగ్ సంగతి చెప్తా, మిగతా రెండూ మాస్టారు చూస్తారు.

కప్లర్ మీద 190 పౌండ్ల చిల్లర పడుతుందనుకో. 48 అంగుళాలతో గుణిస్తే బాడీ ముందు అంచు దగ్గర 9,200 పౌండ్-అంగుళాల వంపు బలం. అది బండి నిలబడి ఉన్నప్పటి మాట. రాళ్ళ మీద ఎగిరిపడితే కనీసం మూడింతలు వేసుకోవాలి, దాదాపు 27,700. 2×2×1/8 ట్యూబ్ సెక్షన్ మాడ్యులస్ (వంపుని తట్టుకునే సత్తా కొలత) 0.486. భాగిస్తే చదరపు అంగుళానికి 57,000 పౌండ్లు. మామూలు ఏ500 గ్రేడ్ బి ట్యూబ్ 46,000 దగ్గరే వంగిపోతుంది. హైవే మీద ఏళ్ళ తరబడి నిలబడ్డ టంగ్ మట్టిరోడ్డెక్కిన మొదటి ట్రిప్పులోనే ఎందుకు కుంగుతుందో ఈ లెక్కలోనే ఉంది.

బదులుగా 3×2×1/8 ట్యూబులు రెండు, 3 అంగుళాల వైపు నిలువుగా పెట్టి, ‘ఏ’ ఆకారంలో వెయ్యి. ఒక్కోదాని మాడ్యులస్ 0.867, రెండూ కలిపి 1.73. అదే బలానికి 16,000 పడుతుంది. అడుగుకు 3.9 పౌండ్లే కాబట్టి బరువేమీ పెద్దగా పెరగదు. ఒక్క ట్యూబే కావాలంటే 3×3×3/16, మాడ్యులస్ 1.64. ఏది వేసినా ముందు క్రాస్‌మెంబర్‌కి (ఫ్రేమ్ అడ్డ ట్యూబ్) ఆనించి ఆపేయకు. బాడీ కిందుగా యాక్సిల్ ముందరి క్రాస్‌మెంబర్ దాకా తీసుకెళ్ళు.

పగులు ఎప్పుడూ ఒకచోటే మొదలవుతుంది: టంగ్ ట్యూబ్ ముందు క్రాస్‌మెంబర్ కిందికి దూరే చోట, వెల్డ్ చివర, వెంట్రుకంత. పెయింట్ మీద సన్నటి తుప్పు గీత కనిపించిందంటే లోపల అప్పటికే పగులు పాకి ఉంటుంది. కారణం, అక్కడ ట్యూబ్ పై మొహాన్నీ అడుగు మొహాన్నీ అడ్డంగా వెల్డ్ చేయడం. అడ్డ వెల్డ్ పక్కన లోహం వేడికి మారి ఉంటుంది, వంపు బలం ఎక్కువగా లాగేదీ అక్కడే. పక్క మొహాల మీద, ట్యూబ్ పొడుగు వెంబడి మాత్రమే వెయ్యి. పై, అడుగు మొహాలు వదిలెయ్. బలం చాలదనిపిస్తే చేప తోకలా చీల్చిన 3/16 ప్లేటు పక్కన పెట్టి చుట్టూ వెయ్యి, చివర్లలో అర అంగుళం ఖాళీ వదులు.

లెక్కలమాస్టారు (ఫ్రిస్కో)

యాక్సిల్ చోటు కళ్ళతో కొలిచేది కాదు బాబూ, కాగితం మీద తేలేది. కప్లర్ నుంచి ప్రతి వస్తువు మధ్య బిందువుకి దూరం అంగుళాల్లో రాసుకో. మీ డిజైన్‌కి నా అంచనా ఇది, ట్యాంకుని మాత్రం యాక్సిల్‌కి కాస్త ముందుకు జరిపాను:

ఫ్రేమ్, టంగ్: 260 పౌండ్లు, 80 దగ్గర
బాడీ: 480, 96 దగ్గర
వంటిల్లు, ఫ్రిజ్, సామాన్లు: 170, 132 దగ్గర
నీళ్ళు 20 గ్యాలన్లు: 167, 90 దగ్గర
టంగ్ మీది పెట్టె, బ్యాటరీ: 90, 36 దగ్గర
పరుపు, బట్టలు: 110, 88 దగ్గర
పై టెంట్: 130, 92 దగ్గర

బరువులు కూడితే 1,407. బరువునీ దూరాన్నీ గుణించి కూడితే 1,29,230. చక్రాలు, సస్పెన్షన్ ఇంకో 200 అనుకోండి. అవి యాక్సిల్ దగ్గరే ఉంటాయి కాబట్టి కప్లర్ బరువుని కదపవు, మొత్తంలో మాత్రం కలుస్తాయి: 1,607.

కప్లర్ మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 12 శాతం పట్టుకుంటే 193. 1,407 లోంచి 193 తీసేస్తే 1,214. 1,29,230ని దాంతో భాగిస్తే 106.4. యాక్సిల్ కప్లర్ నుంచి 106.4 అంగుళాల దగ్గర, అంటే బాడీ ముందు అంచుకి 58.4 వెనక.

ఇప్పుడు మీ ప్లాన్. యాక్సిల్ నడిమధ్యన, 96 దగ్గర. ట్యాంకు ముందున్నా కప్లర్ మీద పడేది 61 పౌండ్లే, 4 శాతం కూడా లేదు. ట్యాంకు వెనక 130 దగ్గర పెడితే లెక్క మైనస్ 9. నీళ్ళు నింపగానే ట్రెయిలర్ మూతి గాల్లోకి లేస్తుంది. యాక్సిల్ 106.4కి జరిపి ట్యాంకు మాత్రం వెనకే ఉంచినా 130 పౌండ్లు, 8 శాతం. 65 మైళ్ళ వేగంలో ట్రక్కు పక్కనుంచి దాటగానే తోక ఆడించడం మొదలెడుతుంది.

ట్యాంకు యాక్సిల్‌కి దగ్గరగా ఉంటే ఇంకో లాభం. నీళ్ళు అయిపోయినా కప్లర్ బరువు 193 నుంచి 167కే దిగుతుంది, 11.6 శాతం. నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా ఒకటే నడక.

గోదారిగట్టు (డాలస్)

మైనస్ 9 చూసి నవ్వొచ్చింది మాస్టారూ. ట్యాంకు ముందుకి జరుపుతా. సస్పెన్షన్ సంగతి? లీఫా, టార్షనా (గొట్టంలో రబ్బరు మెలి తిరిగి కుదుపు తీసుకునేది), టింబ్రెన్ లాంటి యాక్సిల్ లేనిదా?

మట్టిరోడ్డు (డెన్వర్)

మూడూ నడుస్తాయి, మూడూ వేర్వేరుగా ఏడిపిస్తాయి.

లీఫ్ చవక, స్పేర్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. కానీ 3,500 యాక్సిల్‌తో పాటు వచ్చే 1,750 పౌండ్ల స్ప్రింగులే వేస్తే 1,600 పౌండ్ల ట్రెయిలర్ గుర్రంలా గెంతుతుంది, వంటింట్లో స్క్రూలన్నీ ఊడొస్తాయి. యాక్సిల్ 3,500దే ఉంచి, స్ప్రింగులు ఒక్కోటి 1,000 పౌండ్లవి తీసుకోండి. యాక్సిల్ స్ప్రింగుల కింద ఉండేలా బిగిస్తే 5, 6 అంగుళాల ఎత్తు కలిసొస్తుంది. షాకబ్జార్బర్లు తప్పనిసరి, లేకపోతే రేకు అలల్లాంటి మట్టిరోడ్డు మీద చక్రం నేలకి ఆనదు.

టార్షన్ యాక్సిల్ శబ్దం చేయదు, గ్రీజు అడగదు. అయితే ఆర్డరు ఇచ్చేటప్పుడే చక్రాన్ని పట్టే చేయి కోణం, బరువు చెప్పాలి. తరవాత మార్చలేం. ఆఫ్‌రోడ్‌కి చేయి కిందికి 45 డిగ్రీలు ఉన్నది అడగండి, నేలకి ఎత్తు దొరుకుతుంది. రెండు చక్రాల మధ్య గొట్టం మాత్రం ఉంటుంది, రాయి తగిలేది దానికే.

టింబ్రెన్ తరహాలో మధ్యలో గొట్టం ఉండదు. 2,000 పౌండ్లది చాలు, 3,500ది ఈ బరువుకి రాయిలా ఉంటుంది. జనం మరిచిపోయేది ఒకటే: ఒక్కో చక్రం ఒక్కో పక్క రెయిల్‌ని మెలితిప్పుతుంది. రెండు బ్రాకెట్ల మధ్య గట్టి అడ్డ ట్యూబ్ వెయ్యకపోతే కొన్నాళ్ళకి చక్రాల పైభాగాలు లోపలికి వాలి, టైర్ల లోపలి అంచు అరిగిపోతుంది. టైరు అరిగిందని టైరు మారుస్తారు, జబ్బు ఫ్రేములో ఉంటుంది.

వెల్డురాజు (హ్యూస్టన్)

మట్టిరోడ్డు అన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. ఏ సస్పెన్షనైనా పూర్తి వెల్డ్‌కి ముందు నాలుగు చోట్ల ట్యాక్ (చుక్క వెల్డ్) వేసి ఆగాలి. కప్లర్ గుంట మధ్య నుంచి కుడి స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు మొన) చివరికీ ఎడమ స్పిండిల్ చివరికీ టేపు పట్టండి. తేడా 1/8 అంగుళం దాటకూడదు. దాటితే ట్రెయిలర్ పీతలా పక్కకి నడుస్తుంది. ఫ్రేమ్ ఎదురు మూలల మధ్య క్రాస్ కొలతలకీ అదే 1/8. మూలమట్టాన్ని నమ్ముకోవద్దు, 8 అడుగుల దూరంలో అది చూపే తప్పు కంటికి ఆనదు. వెల్డ్ ఒక మూల నుంచి ఎదురు మూలకి మారుతూ, 2 అంగుళాల చొప్పున వెయ్యండి. ఒకవైపే లాగించేస్తే ఫ్రేమ్ అరటిపండులా వంగుతుంది.

గాల్వనైజ్డ్ స్టీల్ అయితే వెల్డ్ పడే చోట 2 అంగుళాలు జింకు గీకేసి, ఆరుబయటే పని చేయండి. జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వచ్చినట్టు ఒళ్ళు వణుకుతుంది.

ట్యూబుల చివరలు మూసెయ్యండి, అడుగున మాత్రం నీళ్ళు కారడానికి 1/4 అంగుళం రంధ్రాలు వదలండి. మూసి రంధ్రం వదలకపోతే లోపల చేరిన తేమకి దారుండదు, తుప్పు లోపల్నుంచి తింటుంది.

ఆస్టిన్‌అక్క

టైర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. టకోమా టైరే ట్రెయిలర్‌కీ వేస్తే స్పేర్ ఒకటే సరిపోతుంది. దానికి 6 బోల్టులు 5.5 అంగుళాల వలయంలో ఉన్న హబ్ (చక్రం బిగించే ముక్క) కావాలి. కొనే ముందు చూసుకోవలసినవి రెండున్నాయి. టకోమా వీల్ మధ్య రంధ్రం 106 మిల్లీమీటర్లు, హబ్ ముక్కు అందులోకి దూరుతుందో లేదో కొలవండి. ఇక నట్లు: టకోమా అల్లాయ్ వీల్‌కి వాషరున్న చదును నట్టు కావాలి, ట్రెయిలర్ హబ్‌తో వచ్చేది కోను నట్టు. స్టడ్లు కూడా వేరు, ట్రెయిలర్‌వి 1/2-20, టయోటావి ఎం12×1.5. ఒకదాని నట్టు ఇంకోదానికి పట్టదు. కోను నట్టు అల్లాయ్‌లో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, 50 మైళ్ళకి వదులవుతుంది. అందుకే కొత్తగా బిగించినప్పుడు 10, 25, 50 మైళ్ళ దగ్గర ఆగి మళ్ళీ టార్క్ చూడమంటారు.

గాలి తగ్గించాలి. ఒక్కో టైరు మీద 700 పౌండ్లే, టకోమాలో పట్టినట్టు 35 పడితే బంతిలా ఎగురుతుంది. మట్టిరోడ్డు మీద 18, 20 పీఎస్ఐ చాలు. టైరుకీ ఫెండర్‌కీ మధ్య, సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నా, వేళ్ళు దూరేంత సందు మిగలాలి.

గోదారిగట్టు (డాలస్)

అక్కా, బాడీ 1/2 అంగుళం ప్లైవుడ్, పైన అల్యూమినియం రేకు అనుకుంటున్నా. కాన్వాస్ మీద జిగురు పూసి పెయింట్ వేసే పద్ధతి చాలా చవకంటున్నారు. ఏది?

చెక్కపని (శాన్ ఆంటోనియో)

కాన్వాస్ పద్ధతి చవకే, చెడ్డదేం కాదు. ప్లైవుడ్ మీద టైట్‌బాండ్ 2 జిగురు పూసి, కాటన్ కాన్వాస్ పరిచి రోలర్‌తో లాగి, ఆరాక బయటి పెయింట్ మూడు నాలుగు కోట్లు. మొదటి కోటు పల్చగా కలిపి వేస్తే బట్టలోకి ఇంకుతుంది. ఇది కొమ్మలు గీరుకోని చోట బాగుంటుంది. మెస్కీట్ ముళ్ళ మధ్యకి వెళ్ళేదైతే 0.040 అంగుళాల అల్యూమినియమే నయం, చదరపు అడుగు అర పౌండు కన్నా కొంచెం ఎక్కువ.

రేకు వేస్తే దాన్ని ఊపిరాడనివ్వాలి. తెల్లవారుజాముకీ టెక్సాస్ మధ్యాహ్నపు ఎండలో కాగిన రేకుకీ 80 ఫారన్‌హీట్ డిగ్రీల తేడా తేలిగ్గా వస్తుంది. 8 అడుగుల రేకు అంతలో 1/10 అంగుళం సాగుతుంది. నాలుగు వైపులా రివెట్లు బిగించేస్తే సాగే దారి లేక మధ్యలో అప్పడంలా ఉబ్బుతుంది. మధ్యలో ఒక వరుస మాత్రం గట్టిగా బిగించి, అంచుల్లో రంధ్రాలు పెద్దవి చేసి, పైన అంచు పట్టీ కింద బ్యూటైల్ టేపు వెయ్యండి. సిలికాన్ వద్దు. దాని మీద పెయింట్ నిలవదు, పాతదాని మీద కొత్త సిలికానే అంటుకోదు, ఒకసారి కారిందంటే గీకుతూ కూర్చోవాలి.

ఇక నీళ్ళు దూరే అసలు చోటు వెనక తలుపు. పైన పొడవాటి అల్యూమినియం హరికేన్ హింజ్ వేస్తారు కదా, కారేది హింజ్ మధ్యలోంచి కాదు, రెండు చివరల్లోంచి. వాన నీరు హింజ్ గాడిలో పక్కకి పారి, చివర చుక్క కట్టి, గోడ ప్లైవుడ్ అంచులోకి పీల్చుకుంటుంది. ఆరు నెలల తరవాత వేలితో నొక్కితే మెత్తగా దిగుతుంది. హింజ్‌ని రెండు వైపులా గోడ కన్నా అర అంగుళం బయటికి పొడిగించండి, చుక్క నేల మీద పడుతుంది. ప్లైవుడ్ అంచులన్నిటికీ బిగించక ముందే రెండు కోట్లు ఎపాక్సీ పట్టించండి. అంచే ప్లైవుడ్‌కి నోరు.

తేమకీ ఏర్పాటు చూడండి. ఇంత చిన్న పెట్టెలో ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి గోడలు చెమర్చుతాయి. పైన 14×14 అంగుళాల ఫ్యాన్, దానికి దూరంగా కిందివైపు ఒక కిటికీ. ఫ్యాన్ ఒక్కటే పెట్టి గాలి వచ్చే దారి వదలకపోతే అది తిరుగుతుందే గానీ లాగదు. గ్యాస్ సిలిండర్ బయట టంగ్ మీదే. కార్బన్ మోనాక్సైడ్ అలారం లోపల పడక ఎత్తులో. స్టవ్ ఎప్పుడూ లోపల వెలిగించొద్దు.

మట్టిరోడ్డు (డెన్వర్)

దుమ్ము! వెనక తలుపులోంచి సున్నపు దుమ్ము పిండి జల్లెడ పట్టినట్టు దిగుతుంది. బండి వెళ్తుంటే వెనక గాలి ఒత్తిడి తగ్గి, దుమ్ము అక్కడే సుడి తిరుగుతూ సందు దొరికితే లోపలికి దూరుతుంది. ఒక రబ్బరు సీలు చాలదు. గొట్టం లాంటి సీలు బయట ఒకటి, లోపల ఒకటి. అడుగున వైర్లు, పైపులు దూరే రంధ్రాలూ మూయాలి, చాలామంది తలుపుని తిట్టుకుంటూ ఆ రంధ్రాల్ని మరిచిపోతారు.

కరెంటుబాబాయ్ (ఫీనిక్స్)

వైరింగ్ ఎవరూ ముట్టలేదు కాబట్టి నేను.

100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి, 1,280 వాట్-అవర్లు. ఎండాకాలంలో 45 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ రోజుకి 40, 50 ఆంపియర్-అవర్లు తాగుతుంది. లైట్లు, ఫ్యాన్ కలిపినా రోజున్నర హాయిగా వస్తుంది. ఆపైన సోలార్ గానీ, బండి నుంచి చార్జింగ్ గానీ.

బండి నుంచి అనగానే 7 పిన్నుల ప్లగ్గులో 12 వోల్టుల పిన్ను ఉందిగా అంటారు. ఆ తీగ సన్నం. 10 గేజ్ తీగ వెయ్యి అడుగులకి 1 ఓమ్. బ్యాటరీ నుంచి ట్రెయిలర్ దాకా 25 అడుగులు, తిరుగు దారి కలిపి 50, అంటే 0.05 ఓమ్. 20 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ (బండి కరెంటుతో ట్రెయిలర్ బ్యాటరీని నింపేది) ఇన్‌పుట్‌లో 25 దాకా లాగుతుంది. 1.25 వోల్టులు దారిలోనే పోయినట్టు. చార్జర్ వోల్టేజీ తక్కువుందని ఆగుతుంది, మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆగుతుంది. చార్జర్ పాడైందని వెనక్కి పంపేస్తారు పాపం. 6 గేజ్ వేస్తే నష్టం అర వోల్టే. వేరుగా 50 ఆంపియర్ల ఆండర్సన్ ప్లగ్గు, బండి బ్యాటరీ దగ్గర ఒక ఫ్యూజు, ట్రెయిలర్ బ్యాటరీ దగ్గర ఇంకోటి. తీగకి రెండు వైపులా కరెంటు మూలం ఉంది, ఒక్క ఫ్యూజు చాలదు.

ఈ బ్యాటరీని 32 ఫారన్‌హీట్ కన్నా కింద చార్జ్ చేయకూడదు. టంగ్ పెట్టెలో పెట్టి కొలరాడో చలికి తీసుకెళ్తే చార్జింగ్ ఆపేసే రక్షణ ఉన్నదే కొనాలి.

ఎర్త్ కోసం హిచ్ బంతిని నమ్మొద్దు. తెల్ల తీగ ట్రెయిలర్ ఫ్రేమ్‌కి, పెయింట్ గీకిన చోట, బోల్టుతో. ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మసగ్గా వెలిగిందంటే ఎర్త్ పోయిందని లెక్క. 7 పిన్నుల తీగల రంగులకి రెండు పద్ధతులున్నాయి, రంగు చూసి కలపకండి, మీటరు పెట్టి చూడండి.

ఆస్టిన్‌అక్క

బ్రేకులు, కాగితాలు: టెక్సాస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితేనే బ్రేకులు చట్టప్రకారం తప్పనిసరి. 4,000 లోపు మామూలు సామాన్ల ట్రెయిలర్‌కి టైటిల్ (యాజమాన్య పత్రం) అక్కర్లేదు, కానీ ఇలాంటి క్యాంపింగ్ ట్రెయిలర్‌కి బరువెంతైనా టైటిల్, రిజిస్ట్రేషన్ రెండూ కావాలి. కౌంటీ ఆఫీసులో సొంతంగా కట్టినదని రాసివ్వాలి, స్టీల్, యాక్సిల్ రసీదులు దాచుకోండి. కాలిఫోర్నియాలో క్యాంపింగ్ ట్రెయిలర్‌కి 1,500 పౌండ్ల నుంచే బ్రేకులు అడుగుతారు, అందుకే చట్టం ఎలా ఉన్నా వేసేయడం నయం. బ్రేకు తీగని యాక్సిల్ కింద వేలాడనివ్వకండి, మొదటి పొద తెంపేస్తుంది.

వెల్డురాజు (హ్యూస్టన్)

హబ్ బిగించేటప్పుడు: చక్రం తిప్పుతూ నట్టు 50 అడుగు-పౌండ్లకి బిగించి, పూర్తిగా వదులు చేసి, మళ్ళీ వేళ్ళతో బిగిసినంతే. తరవాత కాటర్ పిన్. పానా వదలకుండా బిగించేవాళ్ళ బేరింగులే దారిలో నీలం రంగుకి తిరుగుతాయి.

గోదారిగట్టు (డాలస్)

సరే, మార్చిన ప్లాన్: ‘ఏ’ టంగ్ 3×2×1/8 రెండు, యాక్సిల్ 106.4 దగ్గర, 1,000 పౌండ్ల లీఫులు, షాకులు, ఎలక్ట్రిక్ బ్రేకులు, ట్యాంకు యాక్సిల్ ముందు, 6 గేజ్ తీగ. స్పేర్ వీల్ వెనక తలుపుకి తగిలిద్దామనుకుంటున్నా, చూడ్డానికి బాగుంటుంది.

లెక్కలమాస్టారు (ఫ్రిస్కో)

చూడ్డానికి బాగుంటుంది, లాగడానికి కాదు. 60 పౌండ్లు 146 దగ్గర వేలాడదీస్తే కప్లర్ మీద 193 కాస్తా 170కి దిగి, 10 శాతం మీద అంచున నిలబడతారు. ఆ తరవాత ఎవరో వెనక ఇంకో కూలర్ పెడతారు. పైగా తలుపు బరువెక్కి గ్యాస్ స్ట్రట్లు మొయ్యవు. అదే స్పేర్ టంగ్ మీద 42 దగ్గర పెడితే 229, 13.7 శాతం. అది ఫరవాలేదు. కట్టాక ట్రక్ స్టాప్‌లో కాటా వేయించండి. కప్లర్ బరువుకి బాత్రూమ్ కాటా చాలు, కానీ కప్లర్ హిచ్ ఎత్తులోనే ఉండాలి. మూతి కిందికి దించి తూస్తే అంకె మారిపోతుంది.

గోదారిగట్టు (డాలస్)

అయితే ట్రెయిలర్ మీద స్పేరే పెట్టను మాస్టారూ, టకోమా కింద ఉన్నదే రెండిటికీ.

ఆస్టిన్‌అక్క

అది స్టీల్ వీల్ అయితే నట్టు కూర్చునే చోటు కోనుగా ఉందేమో ముందు చూడు. 1/2-20లో చదునువి 6, కోనువి 6, రెండు రకాలూ పెట్టెలో పడేసి ఉంచు.